యూనిఫాం విప్పాక కట్టే కిస్తీ

శ్రోతలకు నమస్కారం.

విశాఖలో నేవీవాళ్ళు ఎక్కువగా ఉండే సింధియా, మల్కాపురం వైపు బ్యాంకు బ్రాంచీల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. తెల్ల యూనిఫాంలో ఓ కుర్రాడు లోపలికొచ్చి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "సార్, నాకు హోమ్ లోన్ ఎంతొస్తుంది?" అని అడగడం వారంలో రెండు మూడుసార్లయినా ఉండేది. అది చెప్పడం సులువే. జీతం స్లిప్పు చూస్తే తేలిపోతుంది. "ఎప్పుడు రిటైరవుతావు బాబూ?" అని నేను ఎదురు అడిగితే మాత్రం నావంక వింతగా చూసేవాడు. ముప్పై ఏళ్ళవాణ్ణి రిటైర్మెంట్ గురించి అడగడమేంటని.

2022కు ముందు నేవీలో సెయిలర్‌గా చేరినవాడికి 15 ఏళ్ళ సర్వీసుకే పెన్షన్ వస్తుంది. పొడిగించుకోకపోతే 35, 36 ఏళ్ళకు బయటికి వచ్చేస్తాడు. పక్కింటి గుమాస్తాకు 60 ఏళ్ళ దాకా జీతం. లోన్ మాత్రం ఇద్దరికీ 20 ఏళ్ళదే. అంటే మన సెయిలర్ కిస్తీల్లో ఎక్కువ భాగం యూనిఫాం విప్పాక కట్టేవే. అందరూ వడ్డీ పావు శాతం తగ్గుతుందా అని నాలుగు బ్యాంకులు తిరుగుతారు. అసలు చూసుకోవాల్సింది ఆ పావు శాతం కాదు.

మా మేనల్లుడి లెక్క చెబుతాను. పెదగంట్యాడలో ఫ్లాట్ చూసి మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఇంకా అయిదేళ్ళ సర్వీసు ఉంది. భోజనాలయ్యాక పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి వెనకవైపు రాశాను. లోన్ 30 లక్షలు, వడ్డీ ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్ళు. నెల కిస్తీ సుమారు 26 వేలు. అయిదేళ్ళలో వీడు కట్టేది 15 లక్షల 60 వేలు. అయిదేళ్ళ తర్వాత మిగిలే అసలు 26 లక్షల 40 వేలు.

వాడు కాగితం తిప్పి తిప్పి చూశాడు. "మావయ్యా, పదిహేనున్నర లక్షలు కడితే మూడున్నర లక్షలేనా తగ్గేది?"

"మొదట్లో అంతేరా. వడ్డీ ముందు కూర్చుంటుంది, అసలు వెనక నిలబడుతుంది."

ఇక పెన్షన్ సంగతి. లెక్క కోసం బేసిక్ పెన్షన్ 24 వేలు అనుకుందాం. సైనికులు అందులో సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు. అంటే నెలకు 12 వేలు వదులుకుంటే ప్రభుత్వం ఒకేసారి సుమారు 13 లక్షలు చేతికిస్తుంది, పన్ను లేకుండా. కోసిన భాగం 15 ఏళ్ళ తర్వాత మళ్ళీ కలుస్తుంది. కరువు భత్యం మాత్రం మొత్తం 24 వేల మీదే లెక్కకడతారు.

ఆ 13 లక్షలు వచ్చిన నెలలో ఇంట్లో ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. కారు షోరూం నుంచి ఫోన్ వస్తుంది. ఆనందపురం దగ్గర స్థలం ఉందని బావమరిది తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు. ఆర్నెల్లలో డబ్బు అయిపోతుంది. పెన్షన్ సగం కోతపడి ఉంటుంది, కిస్తీ మాత్రం 26 వేలే. టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

అదే 13 లక్షలు లోన్‌లో కట్టేస్తే? అసలు 13 లక్షల 40 వేలకు దిగుతుంది. కాలం మార్చకుండా కిస్తీ తగ్గించమని అడిగితే అది 13,200 దగ్గరకొస్తుంది. పెన్షన్‌లో పోయింది 12 వేలు, కిస్తీలో తగ్గింది 12,800. చిత్రమేంటంటే, మా వాడి లెక్కలో లోన్ తీరడం, కోసిన పెన్షన్ తిరిగి కలవడం దాదాపు ఒకే సమయానికి వస్తాయి. ఇంకోటుంది. జరగకూడనిది జరిగితే, కమ్యూట్ చేశారని భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ తగ్గించరు. అప్పు మాత్రం అప్పటికే సగమై ఉంటుంది. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే ఎప్పటికప్పుడు మారే వడ్డీ మీద ఇచ్చిన ఇంటి లోన్ ముందే కట్టినందుకు బ్యాంకు పెనాల్టీ వేయకూడదని రిజర్వు బ్యాంకు రూలు కూడా ఉంది.

ఇది మా వాడి లెక్క. మీ ర్యాంకు వేరు, పిల్లల చదువులు వేరు. అంకెలు మార్చుకుని వేసుకోండి.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు కొందరు నన్ను అడుగుతుంటారు, అక్కడ మాజీ సైనికులకు డౌన్‌పేమెంట్ లేకుండానే ఇల్లు ఇస్తారట కదా అని. నిజమే. 1944 నాటి చట్టంతో అది మొదలైంది. అక్కడ ప్రభుత్వమే బ్యాంకుకు హామీగా నిలబడుతుంది. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. స్టేట్ బ్యాంకులో శౌర్య పేరుతో రక్షణ సిబ్బందికి హోమ్ లోన్ ఉంది, నేవీవాళ్ళకు నేవల్ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్ అప్పు ఇస్తుంది. కానీ బ్యాంకులో చేతి డబ్బు తప్పదు. 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా అయితే 80 శాతమే ఇస్తారు. మన రాష్ట్రంలో స్టాంపులు, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం. అది మీ జేబులోదే.

2022 నుంచి నాలుగేళ్ళ సర్వీసుకు తీసుకుంటున్న అగ్నివీరుల సంగతి ఇంకా వేరు. నాలుగేళ్ళు కాగానే సేవానిధి పేరుతో ఒకేసారి సుమారు 11 లక్షల 70 వేలు వస్తుంది, పెన్షన్ రాదు. వాళ్ళు రెండో ఉద్యోగం కుదిరేదాకా ఇంటి లోన్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

విశాఖలో స్థలం కొనేటప్పుడు ఒక మాట. మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన భూములు భీమిలి, ఆనందపురం వైపు చేతులు మారుతుంటాయి. పదేళ్ళు దాటాక వాటిని అమ్ముకోవచ్చు, అది నిజం. కానీ వాటికి చూపించే ఎన్‌ఓసీ, అంటే అమ్మడానికి అభ్యంతరం లేదనే సర్కారు కాగితం, అసలుదా కాదా అన్నదే ఇక్కడ పెద్ద చిక్కు. మన జిల్లా భూముల గోల్‌మాల్ మీద 2017లో ప్రభుత్వం సిట్ వేయాల్సి వచ్చింది. "మన ఫౌజీ భూమే, భయం లేదు" అన్న మాట విని అడ్వాన్సు ఇచ్చిన ఫౌజీలనే నేను చూశాను. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూసుకోండి. ఎన్‌ఓసీ కాపీ పట్టుకుని కలెక్టరేటులో మీరే అడగండి. బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్ వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్ళకు, గాయపడి అంగవైకల్యం వచ్చినవాళ్ళకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇంటి అప్పు వడ్డీలో సగం తిరిగి ఇచ్చే పథకం ఒకటుంది. కాకపోతే లక్ష రూపాయల అప్పు వరకే. ఈ రోజుల్లో లక్షకు గాజువాకలో మెట్లు కూడా పూర్తికావు. అయినా అర్హత ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

చివరగా, లోన్ తీరాక సంగతి. అంతా కట్టేశాక బ్యాంకు 30 రోజుల్లో మీ ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇచ్చేయాలి. తన తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 చొప్పున మీకే కట్టాలి. 2023 డిసెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. అయితే కాగితాలు తెచ్చుకుని బీరువాలో పెట్టేస్తే పని అయిపోదు. రిటైరైన చీఫ్ పెట్టీ ఆఫీసరు ఒకాయన, లోన్ తీర్చిన చాలా ఏళ్ళకు కూతురి పెళ్ళికని ఫ్లాట్ అమ్మబోతే, ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్‌లో, ఇంకా బ్యాంకు తనఖా కనబడింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దాన్ని తీయించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అప్పుడా బ్రాంచిలో కౌంటరు ఇవతల ఉన్నది నేనే. కొనేవాడు బయట ఆటోలో కూర్చుని ఉన్నాడు.

సెలవు. నమస్కారం.