పదడుగుల చక్రం

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో కూర్చుని వింటున్నవాళ్లు ఒక్కసారి తలెత్తి స్లాబు వంక చూడండి. నేల నుంచి అటూ ఇటుగా పది అడుగులుంటుంది. 1838లో ఇంగ్లండులో ఒక రైలింజన్‌కి చక్రం అంత ఎత్తుండేది. ఇంజన్ ఎత్తు కాదండీ, చక్రం ఎత్తు! ఆ ఇంజన్ పేరు హరికేన్. పేరుకి తుపానే గానీ, వెనక నాలుగు పెట్టెలు తగిలిస్తే మొరాయించే రకం.

అది గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారి ఇంజన్. లండన్ నుంచి పడమటి వైపు బ్రిస్టల్ రేవుకి వేస్తున్న లైను. విక్టోరియా గద్దెనెక్కిన కొత్త. లైనుకి ఇంజనీరు ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్. 1833లో ఆ పని చేతికొచ్చేసరికి ఆయనకి ఇరవయ్యేడు కూడా నిండలేదు. అప్పటికి ఇంగ్లండులో చాలా రైళ్లు 4 అడుగుల 8న్నర అంగుళాల పట్టాల మీదే నడుస్తున్నాయి. బొగ్గు గనుల దగ్గర గుర్రపు బళ్లకి వేసుకున్న కొలత, అదే అలా వచ్చేసింది. బ్రూనెల్‌కి అది నచ్చలేదు. వేగంగా పోవాలన్నా, కుదుపు లేకుండా పోవాలన్నా పట్టాల మధ్య 7 అడుగులు ఉండాలన్నాడు. చక్రాలు పట్టేయకుండా తర్వాత ఇంకో పావు అంగుళం వదులు పెట్టారు. పట్టాల మధ్య ఈ దూరాన్నే గేజ్ అంటారు. మన బ్రాడ్ గేజ్ ఐదున్నర అడుగులు. దానికంటే ఇది అడుగున్నర వెడల్పు!

దారి వేయడంలో బ్రూనెల్‌కి తిరుగులేదు. వంతెనలు, సొరంగాలు, స్టేషన్లు అన్నీ తనే గీశాడు. ఇంజన్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం తడబడ్డాడు. ఇలా చెయ్యండి అని నమూనా ఇవ్వకుండా, కొన్ని షరతులు రాసి రకరకాల కంపెనీలకి పంపించాడు. ఆవిరి తోస్తే ముందుకీ వెనక్కీ ఆడుతూ చక్రాన్ని తిప్పేది పిస్టన్; గంటకి 30 మైళ్ల వేగంలో అది నిమిషానికి 280 అడుగులకి మించి కదలకూడదు. ఇంజన్ బరువు పదిన్నర టన్నులు దాటకూడదు. వంటవాడికి ఏం వండాలో చెప్పకుండా ఉప్పు ఇంతకు మించొద్దు, నూనె ఇంతకు మించొద్దు అని చీటీ పంపినట్టుంది కదూ?

పిస్టన్ నెమ్మదిగా ఆడాలి, బండి మాత్రం వేగంగా పోవాలి. అంటే చక్రం పెద్దదవ్వాలి. పదడుగుల చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి 31 అడుగులు ముందుకు పోతుంది. నిమిషానికి 84 చుట్లు తిరిగితే చాలు, 30 మైళ్ల వేగం వచ్చేస్తుంది. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. కానీ బరువులో సింహభాగం ఆ చక్రాలకే పోతే, నీళ్లు మరిగి ఆవిరయ్యే బాయిలర్‌కి మిగిలేదెంత? హరికేన్ చేసినవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి బాయిలర్‌ని ఒక బండి మీద, ఇంజన్‌ని ఇంకో బండి మీద పెట్టారు. దాంతో నడిపే చక్రాల మీద బరువే లేకుండా పోయింది. బరువు లేని చక్రం పట్టా మీద పట్టు దొరక్క జారుతుంది. బురదలో ఖాళీ ట్రాక్టర్ అవస్థే! 1839 చివరికల్లా హరికేన్ పని అయిపోయింది.

ఈ రోగిష్టి ఇంజన్లన్నీ ఒక కుర్రాడి నెత్తిన పడ్డాయి. పేరు డేనియల్ గూచ్. 1837 జూలైలో ఉద్యోగం కోసం బ్రూనెల్‌కి ఉత్తరం రాశాడు, ఆగస్టులో ఇంజన్ల పెద్దగా చేరిపోయాడు. ఇరవయ్యొకటో పుట్టినరోజుకి ఇంకా కొద్ది రోజులుంది! అయితే మరీ కొత్తవాడేం కాదు. న్యూకాసిల్‌లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ కార్ఖానాలో రష్యా కోసం ఆరడుగుల గేజ్ ఇంజన్లకి డ్రాయింగులు గీసిన అనుభవం ఉంది. పట్టాల మధ్య చోటు పెరిగితే ఇంజన్‌లో సామాను ఎంత హాయిగా అమరుతుందో అక్కడే చూశాడు.

1838 జూన్ 4న ప్యాడింగ్టన్ నుంచి మెయిడెన్‌హెడ్ దాకా, సుమారు 22 మైళ్లు, మొదటి ముక్క తెరిచారు. ఇక గూచ్‌కి నిద్ర కరువైంది. పగలు తిరిగిన ఇంజన్ రాత్రికి ఏదో ఒకటి విరగ్గొట్టుకుని షెడ్డుకొచ్చేది. పొద్దున బండికి అది లేచి నిలబడాలి. వారాల తరబడి ప్యాడింగ్టన్ షెడ్డులోనే ఒక రైలు పెట్టెలో రాత్రుళ్లు గడిపానని తర్వాత డైరీలో రాసుకున్నాడు.

ఆ గుంపులో నమ్మదగ్గది నార్త్ స్టార్. స్టీఫెన్‌సన్ కార్ఖానాలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ కోసం చేసిన ఇంజన్, ఆ బేరం చెడిపోయింది. మొదట దాని గేజ్ ఎంతో తెలుసా? సరిగ్గా ఐదున్నర అడుగులు! అదే కొలత మీద మన దేశంలో బొంబాయి, ఠాణాల మధ్య ప్యాసింజర్ రైలు నడిచింది 1853లో. నార్త్ స్టార్‌ని ఏడడుగులకి మార్చి, థేమ్స్ నది మీద పడవలో మెయిడెన్‌హెడ్ చేర్చారు. పట్టాలు ఇంకా అంతదూరం రాలేదు. రైలింజన్ ఏటి ఒడ్డున కూర్చుని పట్టాల కోసం నెలల తరబడి ఎదురుచూసింది.

అదీ మొదట్లో అనుకున్నంత లాగలేదు. బ్రూనెల్, గూచ్ ఇద్దరూ కూర్చుని చిక్కు ఎక్కడుందో పట్టుకున్నారు. ఆవిరింజన్ చుక్ చుక్ అంటుందే, ఆ చప్పుడు దగ్గరే ఉంది కిటుకు. పిస్టన్‌ని తోసి పని ముగించుకున్న ఆవిరి, చిమ్నీ అడుగున ఉన్న గొట్టంలోంచి పైకి చిమ్ముతుంది. పోతూపోతూ పొగని వెంట లాక్కుపోతుంది. పొగ ఖాళీ చేసిన చోటికి పొయ్యిలోంచి గాలి దూసుకొస్తుంది, నిప్పు రాజుకుంటుంది. అమ్మమ్మ ఊదుగొట్టంతో చేసిన పనే, కాకపోతే ఇక్కడ ఊదడానికి బదులు పీల్చడం. ఆ గొట్టం మూతి మరీ సన్నగా ఉంటే ఆవిరి బయటికి పోలేక వెనక్కి, పిస్టన్ మీదికే తంతుంది. వీళ్లు మూతిని వెడల్పు చేసి, ఆవిరి సరిగ్గా చిమ్నీ నడిమధ్యనుంచి పోయేలా సర్దారు. అంతే! 1838 డిసెంబరులో అదే నార్త్ స్టార్ 40 టన్నుల బండిని 40 మైళ్లకి దగ్గర వేగంతో లాగింది. పొయ్యిలో వేసే కోక్, అంటే కాల్చి శుద్ధి చేసిన బొగ్గు, ఖర్చు మునుపటితో చూస్తే మూడో వంతుకి పడిపోయింది. అంత పెద్ద చక్రాల గొడవ కంటే ఈ చిన్న గొట్టం మూతే ఎక్కువ పని చేసిందని నాకనిపిస్తుంది.

తర్వాత గూచ్ తన చేత్తో గీసిన ఫైర్‌ఫ్లై రకం ఇంజన్లు 1840 నుంచి 1842 దాకా 62 వచ్చాయి. ఈసారి చీటీలు లేవు. అచ్చువేసిన డ్రాయింగులు, ఇనుప నమూనాలు పంపి, ఏ కంపెనీ చేసినా భాగాలు ఒకదానికొకటి సరిపోయేలా చూశాడు. వాటిలో ఒకటైన ఫ్లెగెథాన్ 1842 జూన్ 13న విక్టోరియా రాణిని మొదటిసారి రైలెక్కించింది. స్లౌ నుంచి ప్యాడింగ్టన్‌కి 25 నిమిషాలు. నడిపింది గూచ్, పక్కన బ్రూనెల్.

గేజ్ తగాదా మాత్రం తెగలేదు. గుంతకల్లులో మీటర్ గేజ్ బండి దిగి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బ్రాడ్ గేజ్ బండి కోసం పరుగెత్తినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1840లలో రెండు గేజ్‌లూ కలిసే గ్లాస్టర్ స్టేషన్‌లో అదే గోల. ప్రతి మూటా దించాలి, ఎక్కించాలి. 1845లో ప్రభుత్వం విచారణ పెట్టింది. గూచ్ ఇంజన్ ఇక్సియన్ రెండు గేజ్‌ల మధ్య పెట్టిన పోటీలో 60 మైళ్ల వేగం చూపించింది. కానీ ఏడడుగుల లైను మొత్తం 274 మైళ్లే, 4 అడుగుల 8న్నర అంగుళాల సన్న గేజ్ 1,901 మైళ్లు. ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

1892 మే 20, శుక్రవారం. ఆఖరి ఏడడుగుల గేజ్ బళ్లు వెళ్లిపోయాక నాలుగు వేల మందికి పైగా కూలీలు 171 మైళ్ల దారిని సోమవారానికల్లా సన్నబరిచేశారు. సరిగ్గా వందేళ్లకి, 1992లో మన రైల్వే కూడా లైన్లని ఒకే గేజ్‌కి మార్చే యూనిగేజ్ పని మొదలెట్టింది. ఇక్కడ మాత్రం వెడల్పుదే గెలుపు!

నార్త్ స్టార్‌ని చాలా ఏళ్లు స్విండన్‌లోని రైల్వే కార్ఖానాలో దాచి, 1906లో తుక్కు చేసేశారు. 1925లో మిగిలిన పాత ముక్కలు కొన్ని చేర్చి మళ్లీ అలాంటిదే కట్టారు. అసలు రూపంలో నేటికీ మిగిలిన బ్రిటిష్ ఏడడుగుల గేజ్ ఇంజన్ ఒక్కటే ఉంది. 1868లో చేసింది, యార్డులో పెట్టెలు అటూ ఇటూ తోసుకునేది, బాయిలర్ నిటారుగా నిలబడి ఉంటుంది. పేరు టైనీ, అంటే బుల్లిది. ఇంగ్లండులో డెవన్ జిల్లాలోని బక్‌ఫాస్ట్‌లీ మ్యూజియంలో ఉంది.

నమస్కారం.