రామగుండం రంగులరాట్నం

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం ఏడవగానే మన ఇళ్లలో లైట్లు, టీవీలు, మిక్సీలు ఒక్కసారిగా మొదలవుతాయి. ఆ కరెంటు అప్పటికప్పుడు ఎక్కడో పుడుతూ ఉండాలి. బిందెలో నీళ్లలా ముందే పట్టి పెట్టుకుందామంటే, అంత కరెంటు దాచడం ఇప్పటికీ ఖరీదైన పనే.

అలా పుట్టే చోట్లలో ఒకటి పెద్దపల్లి జిల్లా రామగుండంలోని ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం. 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి యూనిట్ నడిచింది. ఇప్పుడక్కడ 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం 2600 మెగావాట్లు. పక్కనే కొత్తగా కట్టిన 800 మెగావాట్ల యూనిట్ల లెక్క వేరు.

చూడాల్సింది బొగ్గు దిగే తీరు. సింగరేణి గని నుంచి వచ్చిన రైలు లోపలికి రాగానే వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుంటాయి. బొగ్గు దబదబా కింది గుంటలోకి జారిపోతుంది. ఇంజను విప్పే పనే లేదు, ఖాళీ రైలు చుట్టూ తిరిగి మళ్లీ గనికే పోతుంది. అందుకే దానికి మెర్రీ గో రౌండ్ అని పేరు, అంటే మన జాతరలో రంగులరాట్నమే. ఆ బొగ్గును ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి, వేడిగాలితో బాయిలర్‌లోకి ఊదుతారు. నీళ్లు ఆవిరై టర్బైన్‌ను, అంటే కరెంటు పుట్టించే జనరేటరును తిప్పే రెక్కల చక్రాన్ని, నిమిషానికి 3000 చుట్లు తిప్పుతాయి. అంటే సెకనుకు 50. మన కరెంటుకు 50 హెర్ట్జ్ అంటామే, ఆ 50 ఇదే. వాడకం ఉత్పత్తిని మించితే ఈ వేగం తగ్గుతుంది. కంట్రోల్ రూముకు టెన్షన్ అప్పుడే.

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్, అంటే కరెంటు కేంద్రాలను ఊళ్లతో కలిపే లైన్ల వల, కుప్పకూలింది. దక్షిణాదికి ఆ దెబ్బ తగల్లేదు. అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు మరి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో ఆ ముడి పడింది. ఇప్పుడు రామగుండం టర్బైన్, ఢిల్లీలో తిరిగే ఫ్యాను ఒకే తాళానికి నడుస్తున్నాయి.

బూడిద మాట దాటేయలేం. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. కొంత సిమెంటుకు, ఇటుకలకు పోయినా మిగిలింది బూడిద కోసమే కట్టిన చెరువులో పడుతుంది. ఎండాకాలం గాలికి అది లేస్తే ఆరేసిన బట్టలకు, తినే పళ్లేనికి అంటుకునేది పక్క ఊళ్లవాళ్లకే. కరెంటు మాత్రం కేరళ దాకా పోతుంది.

అదే రామగుండం రిజర్వాయరు మీద 2022 నుంచి 100 మెగావాట్ల సౌరపలకలు తేలుతున్నాయి. పగలు దేశమంతటా ఎండ కరెంటు పెరిగిన కొద్దీ బొగ్గు యూనిట్లను తగ్గించి నడపమంటున్నారు. ఒకే నిలకడగా మండడానికి కట్టిన బాయిలర్లకు ఇది కొత్త అలవాటు. పొద్దు గుంకగానే నీటి మీది పలకలు ఊరుకుంటాయి, బాయిలర్‌లోకి బొగ్గు పొడి జోరు పెంచుతారు. మనింట్లో మిక్సీ వేసేదీ సరిగ్గా అప్పుడే.