ఇంటి భాషను ఆపకండి

వేదిక మీది పెద్దలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నమస్కారం. పేరుపేరునా చెప్పబోతే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి.

కొత్త దేశంలో బడిలో చేరిన పిల్లలు భాష రాక పడే ఇబ్బంది గురించి మాట్లాడమన్నారు. చాలామంది మొదట కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి తరగతిలో నోరు విప్పరు. అది మొండితనం కాదు, మందబుద్ధి అసలే కాదు. వింటున్నారు, మాటలు పోగుచేసుకుంటున్నారు. నలుగురిలో నిలబెట్టి "మాట్లాడు" అంటే ఇంకా ముడుచుకుపోతారు. వేలితో చూపించమనండి, బొమ్మ గీయమనండి. ప్రశ్న అడిగాక ఆగండి. ఉపాధ్యాయులు సాధారణంగా ఒక్క సెకను ఆగుతారని, కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు మెరుగవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. అది భాష వచ్చిన పిల్లల సంగతి. రాని పిల్లలకు మనసులో పది లెక్కపెట్టండి.

మొదటిరోజే జేబులో ఒక కార్డు పెట్టండి. బాత్రూమ్‌కి వెళ్లాలి, కడుపు నొప్పి, అర్థం కాలేదు మళ్లీ చెప్పండి: ఇలాంటివి నాలుగైదు, రెండు భాషల్లోనూ, పక్కన బొమ్మతో. నోరు పెగలకపోయినా కార్డు చూపించగలరు.

అసలు నన్ను బాధపెట్టే మాటకు వస్తాను. "ఇంట్లో కూడా కొత్త భాషే మాట్లాడండి" అని మంచి మనసుతోనే సలహా ఇస్తారు. దయచేసి వినకండి. తల్లికి అరకొరగా వచ్చిన భాషలో బిడ్డకు అందేదీ అరకొరే. ఎందుకు, ఎలా అనే ప్రశ్నలు, అలకలు, కథలు అన్నీ "తిన్నావా, పడుకో" దగ్గర ఆగిపోతాయి. నీరు ఆవిరై మేఘం ఎలా అవుతుందో ఇంటి భాషలో అర్థమైన పిల్లకు కొత్త భాషలో నేర్చుకోవలసింది ఆ మాటలే. విషయం మళ్లీ మొదటినుంచి నేర్వక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. ఆటస్థలంలో గలగలా మాట్లాడుతున్నాడు కదా అని బడివాళ్లు ప్రత్యేక సహాయం ఆపేస్తారు. ఆటల భాష ఒకటి రెండేళ్లలో వస్తుంది. పాఠాల భాషకు 5 నుంచి 7 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పట్టవచ్చని రెండో భాష నేర్చుకునే పిల్లల మీద పనిచేసిన జిమ్ కమ్మిన్స్ పరిశోధన. ఇంగ్లీషులో టేబుల్ అంటే బల్ల అని నేర్చుకున్నవాడికి లెక్కల పుస్తకంలో పట్టికను ఉద్దేశించి "టేబుల్ చూసి జవాబు రాయండి" అని ఉంటే ఏం చేస్తాడు? లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాలేదు, సున్నా మార్కులు. వెంటనే వెనకబడ్డవాడన్న ముద్ర! అలా రాసే ముందు ఇంటి భాషలో కూడా పరీక్షించండి. అందులోనూ తడబడుతుంటే అప్పుడు నిపుణులకు చూపించాలి, ఆలస్యం చేయకూడదు.

అమ్మలారా, మళ్లీ చెబుతున్నాను, ఇంటి భాషను ఆపకండి. అలాగే ఆసుపత్రిలో మీకు దుబాసీగా పిల్లల్ని నిలబెట్టకండి. జబ్బు పేరు తప్పు చెప్పినా, మందు మోతాదు తప్పు చెప్పినా ఆ భారం వాళ్ల మీద పడుతుంది. దుబాసీ కావాలని ముందే అడగండి.

ఉపాధ్యాయులను ఒకటే కోరుతున్నాను. రేపటి పాఠంలోని ఐదారు ముఖ్యమైన మాటలు ఇవాళే ఇంటికి పంపండి. రాత్రి అమ్మానాన్నలు ఇంటి భాషలో వివరిస్తారు. పొద్దున మీరు ఆ మాట అనగానే ఆ పిల్ల తలెత్తి చూస్తుంది.