మార్షల్ ఎనిమిదో ఎత్తు

శ్రోతలకు నమస్కారం. దగ్గర్లో చదరంగం బోర్డు ఉంటే ముందు పెట్టుకోండి. లేకపోయినా ఫరవాలేదు, మాటల్లోనే చూపిస్తాను.

1918 అక్టోబరు, న్యూయార్క్ టోర్నమెంట్. తెల్లపావులు క్యూబా ఆటగాడు కాపాబ్లాంకావి. 1916 తర్వాత ఆయన ఒక్క ఆట కూడా ఓడలేదు. నల్లపావులు అమెరికా చాంపియన్ ఫ్రాంక్ మార్షల్‌వి. 1909లో ఇద్దరి మధ్య జరిగిన మ్యాచ్‌లో మార్షల్ ఎనిమిది ఆటలు ఓడి, ఒక్కటే గెలిచాడు.

ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి, రుయ్ లోపెజ్. ఏడు ఎత్తుల దాకా అందరికీ తెలిసిన దారే. ఎనిమిదో ఎత్తులో మార్షల్ మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు తోశాడు. దాంతో నడిమధ్య ఒక బంటు ఊరికే పోతుంది. కానీ దాన్ని తీసుకునే హడావుడిలో తెల్లరాజును కాచే గుర్రం మార్పిడిలో పోతుంది. తెల్లపావుల్లో మంత్రి వైపు ఏనుగు, గుర్రం, బిషప్ ఇంకా కదలనే లేదు. ఇక నల్లపావులు రాజు మీదికి ఉరుకుతాయి.

ఈ ఎత్తును మార్షల్ కాపాబ్లాంకా కోసమే ఏళ్ళ తరబడి దాచి ఉంచాడని చెబుతారు. ఆ కథను నేను నమ్మను. 1917లోనే ఆయన మరొకరి మీద ఇలాంటి త్యాగం ఆడాడు. అయినా ఇంట్లో లెక్కలు కట్టుకునే వచ్చాడన్నది మాత్రం నిజం. అవతలి మనిషికి అన్నీ తెలుసని గ్రహించి కూడా కాపాబ్లాంకా బంటును తీసుకున్నాడు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ ధైర్యమే.

15వ ఎత్తులో మార్షల్ గుర్రం తెల్లరాజు పక్కనే ఉన్న బంటును చంపి అక్కడే కూర్చుంది. దాన్ని మంత్రితో చంపితే ఉచ్చులో పడ్డట్టే. కాపాబ్లాంకా ముట్టుకోలేదు, ఏనుగును ఒక్క గడి ముందుకు జరిపాడు. ఎంత టెన్షన్‌లో ఆ ఎత్తు దొరికిందో! తర్వాత 18వ ఎత్తు నుంచి 24వ ఎత్తు లోపు రాజే నాలుగు అడుగులు నడిచి అవతలి వైపు చేరుకున్నాడు. దాడి చల్లబడింది. మంత్రి వైపు బంట్లు కదిలాయి. 36వ ఎత్తుతో తెల్లపావులు గెలిచాయి.

ఆట ఓడినా ఎత్తు ఓడలేదు. 11వ ఎత్తులో మార్షల్ గుర్రాన్ని వెనక్కి తెచ్చాడు. దాని బదులు బిషప్ ముందున్న చిన్న బంటును ఒక్క గడి జరిపితే మేలని తర్వాతివాళ్ళు కనుక్కున్నారు. 1965లో ప్రపంచ టైటిల్ పోటీదారును తేల్చే మ్యాచ్‌లో సోవియట్ ఆటగాడు స్పాస్కీ, మార్షల్ ఎటాక్ అని పేరుపడ్డ ఈ ఎత్తునే మళ్ళీ మళ్ళీ ఆడాడు. ఎదురుగా ఉన్నది దాడులకు పెట్టింది పేరైన టాల్. ఆయనా దాన్ని పగలగొట్టలేకపోయాడు. ఈనాటికీ తెల్లపావులతో ఆడే గ్రాండ్‌మాస్టర్లు చాలామంది, ఆ బంటు త్యాగం దాకా రానివ్వకుండా, తమ ఎనిమిదో ఎత్తులోనే దారి మళ్ళిస్తారు.