రోహిణి కార్తెలో నల్లమల దారి: ఈ వేసవికి మూడు తెలుగు నవలలు

నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అయినా పొద్దున పది దాటితే సత్యనారాయణపురంలో మా వీధిలో మనిషి జాడ కనిపించడం లేదు. సాయంత్రం దాకా తలుపులు చేరవేసుకొని కూర్చోవలసిన ఈ రెండు నెలల్లో ఏ నవలలు చదవమంటారని చాలామంది అడుగుతున్నారు. అడిగినవారిలో ఎక్కువమంది ‘తేలికగా అయిపోయేవి చెప్పండి’ అన్నారు. ఆ ఒక్క మాట దగ్గర నేను వారితో ఏకీభవించలేకపోతున్నాను. ఏడాదిలో మిగిలిన పది నెలలూ మనం బస్సులో నాలుగు పేజీలు, నిద్రకు ముందు రెండు పేజీలు అన్నట్టుగానే చదువుతాం. ఒక కొత్త ప్రాంతపు మాటతీరు చెవికి అలవాటయ్యేంతసేపు, పరాయి కుటుంబం మన ఇంటి మనుషులైపోయేంతసేపు కదలకుండా కూర్చోగలిగేది ఈ మండు మధ్యాహ్నాల్లోనే. అందుకే ఈ రోజు నేను తెచ్చిన మూడు నవలలూ మీ దగ్గర తీరిక అడుగుతాయి. మూడూ ఈ పదేళ్లలో వచ్చినవే, మూడూ రాయలసీమ రచయితలు రాసినవే.

మొదటిది, నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అంటే తానా, 2019లో నిర్వహించిన నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగా కూడా వచ్చింది కనుక పేరు మీరు వినే ఉంటారు.

ఈ పేరు మొదట చూసినప్పుడు కొండ మీద ఉన్న పొలం కాబోలు అనుకున్నాను. కృష్ణా ఒడ్డున పుట్టి పెరిగినవారికి పొలం అంటే వరిచేను, చేని గట్టు, గట్టు పక్కన పిల్లకాలువ. కడప వైపు గొర్రెల కాపరులకు కొండపొలం అన్నది ఒక ప్రయాణం. వానలు ముఖం చాటేసి, ఊళ్లో గడ్డిపోచ గానీ నీటిచుక్క గానీ మిగలనప్పుడు, మందలను తోలుకొని నల్లమల అడవిలోకి వెళ్లి, కింద తమ ఊళ్లో వాన పడేదాకా ఎండకూ చీకటికీ పెద్దపులికీ ఓర్చుకొని అక్కడే బతకడం. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క, నలుగురిలో నోరు విప్పడానికి జంకే ఒక యువకుడు తండ్రి వెంట, ఊరి కాపరుల వెంట ఆ అడవికి వెళ్తాడు. కథ ఇంతే. పుస్తకం బలమంతా ఆ రోజులు ఎలా గడిచాయన్న దానిలో ఉంది.

నన్ను పట్టుకున్నది నీటి సంగతి. నల్లమలను చీల్చుకొని శ్రీశైలం మీదుగా దిగివచ్చిన కృష్ణమ్మే మన ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలబడి, డెల్టాలో దాదాపు 13 లక్షల ఎకరాలకు నీరు అందిస్తుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి మధ్య నుంచే వెళ్తాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే, అడుగున బురద బయటపడితే, అదే మనకు తెలిసిన కరువు. అదే కొండల వరుసకు దక్షిణాన, మంద గొంతు తడపడానికి ఒక నీటి గుంట ఎక్కడుందోనని మైళ్ల కొద్దీ నడిచే మనుషులున్నారు. ఈ విషయం వార్తల్లో ఎన్నోసార్లు చదివాను, నాకు తెలియనిది కాదు. అయినా ఒక మధ్యాహ్నం చదువుతూ చదువుతూ లేచి, గ్లాసులో మిగిలిన నీళ్లను అలవాటుగా సింకులో పారబోయబోతే నా చేయి ఆగిపోయింది. ఆ నీళ్లు తీసుకెళ్లి కిటికీలోని కరివేపాకు కుండీలో పోసి, మళ్లీ వచ్చి పుస్తకం ముందు కూర్చున్నాను. వార్త చేయలేని పని నవల చేసింది.

భాష గురించి ఒక మాట చెప్పాలి. సంభాషణల నిండా కడప మాండలికం ఉంటుంది కనుక, మన వైపు పాఠకులకు మొదట్లో కొంత తడబాటు తప్పదు. దానికి నేను కనుక్కున్న ఉపాయం పైకి చదవడం. మా ఇంట్లో అది ఆవకాయ పెట్టే వారం. మా అమ్మ మామిడికాయ ముక్కల్లో జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పొర ఒలిచి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి పళ్లెంలో వేస్తోంది. నేను పక్కన కూర్చొని మొదటి ఇరవై పేజీలు చదివి వినిపించాను. కంటికి కొత్తగా ఉన్న మాటలు చెవికి వెంటనే అందాయి. అడవిలో మొదటి రాత్రి వచ్చేసరికి, ఒకసారి తుడిచిన ముక్కనే అమ్మ మళ్లీ తుడుస్తోంది. ‘ఆపావేం, చదువు’ అంది. ఇంతకంటే మంచి సమీక్ష నేను చేయలేను.

సినిమా చూసినవారు కూడా ఈ పుస్తకం తప్పకుండా చదవండి. తెర మీద మనకు గొర్రెల మంద అంతా ఒకే తెల్లని గుంపుగా కనిపిస్తుంది, పుస్తకంలో మాత్రం కాపరి కళ్లతో చూస్తాం. ఇంత చెప్పాక, నచ్చని సంగతి కూడా చెప్పడం నా ధర్మం. అడవి ఆ కుర్రవాడికి ధైర్యం నేర్పుతుందన్న సంగతి మనకు అతని నడకలోనే తెలిసిపోతుంది. దానిని ఒకటి రెండు చోట్ల రచయిత మాటల్లో విప్పి చెప్పకుండా ఉంటే ఇంకా బాగుండేదని నాకు అనిపించింది.

రెండవది బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’. 2017 తానా నవలల పోటీలో బహుమతి పొంది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా అందుకున్న చారిత్రక నవల. అనంతపురం సీమను హండే రాజులు ఏలిన 18వ శతాబ్దపు కథ. చరిత్ర నవల అనగానే మనకు కోటలు, అంతఃపురాలు, రాకుమారుల ప్రేమలు గుర్తుకొస్తాయి. ఇందులో దొరల కంటే వారి కింద నలిగిన మనుషులే మనకు దగ్గరగా కనిపిస్తారు. కరువు, కులం, పాలెగాళ్ల పెత్తనం, ఆడపిల్లలను దేవుడి పేరిట అంకితం చేసి బసివినిగా వదిలే ఆచారం, ఇవన్నీ కథలో భాగంగా వస్తాయే తప్ప చరిత్ర పాఠంగా రావు.

చదివేముందు రెండు సంగతులు గుర్తుంచుకుంటే ఈ నవల మరింత లోతుగా అందుతుంది. నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించింది 1800లో. దత్తమండలాలు అన్న పేరు అప్పటిది. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలో పుట్టింది. అంటే ఈ నవలలోని మనుషులు ఆ రెండు పేర్లూ పుట్టకముందే ఆ నేల మీద ఎండిపోయినవారు. కొండపొలం చదివి వెంటనే ఇది పట్టుకుంటే, ఆ కాపరుల దాహం ఎన్ని తరాల కిందటిదో మనకు అర్థమవుతుంది. నేను తెలియక తలకిందులుగా చదివాను, మీరు ఆ పొరపాటు చేయకండి.

పాత్రలు చాలా ఎక్కువ. ఒక చిన్న కాగితం మీద పేర్లు రాసుకొని పుస్తకంలో పెట్టుకోండి. హింస, స్త్రీల దుస్థితి దాపరికం లేకుండా వస్తాయి కనుక, సెలవులకు వచ్చిన బడి పిల్లల చేతికి దీన్ని నేను ఇవ్వను. వారికి కొండపొలం ఇవ్వండి.

మూడవది మధురాంతకం నరేంద్ర గారి ‘మనోధర్మపరాగం’. 2022లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కర్ణాటక సంగీతంలో, నేర్చుకున్న కీర్తనను దాటి గాయకులు అప్పటికప్పుడు తమ ఊహతో పెంచే ఆలాపన, నెరవు, స్వరకల్పనలను మనోధర్మం అంటారు. దేవదాసీ కుటుంబాలలో పుట్టిన స్త్రీలకు ఆ స్వేచ్ఛ పాటలో ఎంత దొరికింది, బతుకులో ఎంత దొరికింది అన్నదే ఈ నవల అడిగే ప్రశ్న. సంగీత జ్ఞానం లేని నాకు మొదట్లో కొంచెం కష్టమయింది. గాంధీనగరం కచేరీలకు వెళ్లే మా బంధువు ఒకావిడ మాత్రం రెండు రోజుల్లో ముగించి, తిరిగి ఇవ్వడానికి ఇష్టపడలేదు. దీనికి వేగం పనికిరాదు, పగలంతా ఎండకు అలసిపోయాక రాత్రి డాబా మీద గాలి తిరిగినప్పుడు కొంచెం కొంచెంగా చదవండి.

కొనాలనుకునేవారికి విజయవాడలో పుస్తకాల దుకాణాల ఏలూరు రోడ్డు ఉండనే ఉంది. ఎండ దిగిన తరువాత వెళ్లండి. కొనలేనివారు బందరు రోడ్డులోని ఠాగూర్ గ్రంథాలయంలో అడగండి. గుంటూరువారు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో అడగవచ్చు. పుస్తకం లేకపోతే తెప్పించమని కాగితం రాసి ఇచ్చి రండి. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మొట్టమొదట సమావేశమయినది మన బెజవాడ రామమోహన గ్రంథాలయంలోనే, ఆ ఊరివాళ్లం గ్రంథాలయంలో పుస్తకం అడగడానికి మొహమాటపడకూడదు.

ఇప్పటికి మే మొదటి వారం. రోజుకు ముప్పై నలభై పేజీల చొప్పున కొండపొలంతో మొదలుపెడితే, సాగు కోసం కాలువలకు నీళ్లు వదిలేలోగా మూడూ పూర్తవుతాయి.