ఎపిసోడ్ 41: ఆఫీసులో టీ, కాఫీ (అనుకున్నాం)

బావ: రికార్డవుతోంది. ఇవాళ ఆఫీసులో మంచి కాఫీ...

బామ్మర్ది: ముందు కాటా గురించి చెప్పనీ బావా.

బావ: అది ఓ పాత ఎపిసోడ్‌లోనే అయిపోయింది. టీతో మొదలెడదాం. బ్లాక్ టీకి నీళ్లు తెర్లాలి. డిస్పెన్సర్ నీళ్లు సాధారణంగా అంత వేడెక్కవు. రంగు దిగుతుంది గానీ రుచి దిగదు. కెటిల్ ఉండాల్సిందే.

బామ్మర్ది: ఆ కెటిల్ అడుగున సున్నం పెచ్చులు చూశావా?

బావ: మూతి దగ్గర జల్లెడ ఉంటుందిగా.

బామ్మర్ది: జల్లెడ పెచ్చుల్ని ఆపుతుంది, కరిగిన సున్నాన్ని ఆపదు! టీ మీద తెట్టు కట్టి, కప్పు అంచుకి చార పడుతుంది చూడు. అది జిడ్డు కాదు. నీళ్లలోని కాల్షియం, టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్, గాలి కలిసి కట్టేది. కాస్త నిమ్మరసం పిండితే కట్టదు.

బావ: వెనిగర్‌తో కెటిల్ కడిగేస్తే సరి.

బామ్మర్ది: కెటిల్ బాగుపడుతుంది, నీళ్లు మారతాయా? పైగా ఆ వాసన ఓ పట్టాన పోదు. నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, వాడు. లీటరుకి 20 గ్రాములు, కాటాతో...

బావ: వచ్చింది కాటా!

బామ్మర్ది: ...తూచి, చన్నీళ్లలోనే కలుపు. మరిగే నీళ్లలో వేస్తే బుసబుసా పొంగుతుంది. కెటిల్ సగమే నింపు. మరగ్గానే ఆపి అరగంట వదిలెయ్. తర్వాత మంచినీళ్లు మరిగించి పారబోయి.

బావ: సున్నం బొత్తిగా లేని నీళ్లే పోస్తే పోలా?

బామ్మర్ది: అప్పుడు కాఫీ చప్పబడుతుంది.

బావ: నీతో ఎటు తిరిగినా చిక్కే.

బామ్మర్ది: అలిగావా?

బావ: లేదు. ఆకెంత?

బామ్మర్ది: కప్పు 200 మిల్లీలీటర్లయితే 4 గ్రాములు. చెంచాతో కొలవకు. డస్ట్ టీ చెంచాలో కుదురుకుని బరువెక్కుతుంది, పెద్దాకు తేలిగ్గా ఉంటుంది. రుచి పోల్చడానికి టీ ఎలా కాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103లో కూడా 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములే, 6 నిమిషాలు.

బావ: అది రుచుల్లో తేడా పట్టేవాళ్ల కొలత. తాగడానికి 3, 4 నిమిషాలు చాలు. డస్ట్‌కి ఇంకా తక్కువ. గ్రీన్ టీకి 80 డిగ్రీలు దాటనివ్వకు, చేదెక్కుతుంది.

బామ్మర్ది: ఒప్పుకున్నా. కాటా మాత్రం...

బావ: కాఫీ! ఫ్రెంచ్ ప్రెస్, అంటే జల్లెడతో పిప్పిని అడుక్కి నొక్కే జగ్గు. ముతక పొడి 30 గ్రాములు, నీళ్లు అర లీటరు, 4 నిమిషాలు. నొక్కాక మొత్తం ఫ్లాస్కులోకి ఒంపెయ్యాలి. పిప్పి మీద ఉంచితే చేదు దిగుతూనే ఉంటుంది. హాట్ ప్లేట్ మీద పెడితే మాడు వాసన.

బామ్మర్ది: 30 గ్రాములు. దేంతో తూచాలి?

బావ: ...

బామ్మర్ది: బావా?

బావ: కెటిల్ తెర్లుతోంది. మైకు పక్కకి జరుపు, ఆవిరి కొడుతోంది.