ముందు టాప్ మోడల్, వెనక ఎనిమిది తూట్లు: సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ రివ్యూ

నమస్తే అందరికీ. ముందుగాల ఉన్నమాట చెప్తా. ఈ తెల్ల స్విఫ్ట్‌ని నల్లగొండలో పాత కార్లు అమ్మే ఒక యార్డు వాళ్లు మనకు ఒక పూటకి ఇచ్చిండ్రు. పెట్రోలు కూడా వాళ్లే పోసిండ్రు. "అల్లాయ్స్ మంచిగ చూపియ్యుర్రి అన్నా" అన్నరు. అల్లాయ్స్ అంటే ఇనుము కాకుండ అల్యూమినియం మిశ్రమంతోని పోసిన చక్రాలు. చూపిస్తా. వెనక దిక్కు కూడా చూపిస్తా.

ఇంజన్ ఎంత, మైలేజీ ఎంత, డిక్కీ ఎంత, అవన్నీ మీరు ఇప్పటికే చూసే ఉంటరు. నేను వాటి జోలికి పోను. బండి 2019 మార్చిది, టీఎస్ 05, పెట్రోలు. అద్దం మీద "ఫుల్ ఆప్షన్" అని రాసిండ్రు, అడిగే ధర కూడా టాప్ మోడల్ ధరే. ఆర్సీల చూస్తే వీఎక్స్ఐ, అంటే నడిమి మోడల్. లొల్లి ఆడనే షురూ అయింది.

చక్రం కాడ కూసుందాం. తమ్ముడూ, కెమెరా కిందికి దించు. ఈ తరం స్విఫ్ట్‌ల వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చేది 14 ఇంచుల ఇనుప డిస్క్, దానిమీద ప్లాస్టిక్ క్యాప్, టైరు 165/80 ఆర్14. దాని పై మోడల్ జెడ్ఎక్స్ఐకి 15 ఇంచుల అల్లాయ్, టైరు 185/65 ఆర్15. ఈ బండికి ఉన్నది 195/60 ఆర్15. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద గాలి ఎంత కొట్టాల్నో చెప్పే స్టిక్కర్ ఉంటది, దాంట్ల టైరు సైజు కూడా ఉంటది. టైరు మీది నంబరు దానితో కలవకపోతే, ఏదో మారిందని అక్కడికక్కడే తెలుస్తది.

నడుమ ఉన్న సుజుకి గుర్తు క్యాప్‌ని మాత్రం నమ్మకుర్రి. అది విడిగా దొరుకుతది, ఎవరైనా కొట్టి పెట్టొచ్చు. అసలు జాతకమంతా రిమ్ము వెనక ఉంటది. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగ తిప్పి, ఫోన్ టార్చి వేసి, చెయ్యి లోపలికి పెట్టి వీడియో తీసినా కొంత కనపడ్తది. కానీ జాకీ పెట్టి ఒక చక్రం విప్పించుడే మేలు, పది నిమిషాల పని. విప్పనియ్యను అనే యార్డు కాడ బేరం వద్దు.

ఇగో, విప్పినం. లెక్కపెట్టుర్రి: నట్టు తూట్లు ఎనిమిది! స్విఫ్ట్ హబ్బుకి, అంటే చక్రం బిగించే నడిమి భాగానికి, ఉండేవి నాలుగే, 100 మిల్లీమీటర్ల గుండ్రం మీద. ఎనిమిది ఎందుకంటే, ఒక నాలుగు 100కి, ఇంకో నాలుగు వేరే కొలతకి. ఒకే రిమ్మును అన్ని బండ్లకూ అమ్ముకునేటందుకు చేసిన మాలు. ఏ కార్ల కంపెనీ తన బండికి ఇట్ల తూట్లు పెట్టదు. ఇది చూసినంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అయినా చూద్దాం. 15×6జే అని ఉన్నది, అంటే 15 ఇంచుల రిమ్ము, 6 ఇంచుల వెడల్పు. ఈటీ పక్కన అంకె ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూసుంటదో చెప్పే కొలత. జేడబ్ల్యూఎల్ అని కూడా పోసి ఉన్నది. అది చూసి ఒరిజినల్ అని మురుస్తరు చాలామంది. కాదు. అది జపాన్ అల్లాయ్ ప్రమాణం గుర్తు, బయటి రిమ్ముల మీద కూడా ఉంటది. మీరు వెతకాల్సింది కార్ల కంపెనీ పేరు, పార్ట్ నంబరు. మచ్చుకు, హ్యుందాయ్ రిమ్ముల పార్ట్ నంబరు 52910తోని మొదలైతది, టొయోటా అల్లాయ్‌లది 42611తోని.

ఇంకోటి, పోత తేదీ. గడియారం లెక్క చిన్న గుండ్రం, దాంట్ల సంవత్సరం, నెల గుర్తులు. రిమ్ము బండి కంటే ముందు పుట్టాలె. బండి 2019 మార్చిదైతే రిమ్ము 2019 ఆగస్టుది ఎట్ల అయితది? మూడు రిమ్ముల తేదీలు దగ్గర దగ్గర ఉండి ఒక్కటి మాత్రం దూరముంటే, ఆ మూలకు దెబ్బ తగిలి మార్చిండ్రని అనుమానించుర్రి. ఆ మూలన సస్పెన్షన్ కూడా చూపించుకోవాలె.

కంపెనీదే గానీ ఈ బండిది కానిది ఇంకో రకం. బలెనో 16 ఇంచుల అల్లాయ్ దీనికి పడ్తది. బోల్టు కొలత అదే, నడిమి తూటు 54.1 మిల్లీమీటర్లు కూడా అదే. మాలు అసలుదే, మారుతీదే, కానీ స్విఫ్ట్‌తోని వచ్చింది కాదు. "కంపెనీ అల్లాయ్స్" అని అమ్మేటోడు అబద్ధం ఆడినట్టు కాదు, నిజం చెప్పినట్టూ కాదు.

నాకు అసలు కోపం వచ్చింది ఈ నడిమి తూటు కాడ. ఈ ఎనిమిది తూట్ల రిమ్ముకి అది 67.1 ఉన్నది. హబ్బు 54.1. అంటే చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల సందు. ఆ సందుల హబ్ రింగు వెయ్యాలె. వెయ్యలే! ఇగ చక్రం సరిగ్గ నడుమల కూసుండుడు మొత్తం నట్ల మీదనే. బిగించేటోడు కొంచెం అటిటు బిగిస్తే 80 దాటినంక స్టీరింగ్ వణుకుతది. నార్కట్‌పల్లి కాడ 65 నంబర్ హైవే ఎక్కంగనే వణుకు మొదలైంది. పాలమూరు వాళ్లయితే జడ్చర్ల కాడ 44 ఎక్కి చూసుకోవచ్చు. ఊర్ల నలభైల తిప్పితే ఏం తెల్వదు. అలైన్‌మెంట్ చేపిస్తే పోతది అంటరు, అది పోదు. ముందు రింగు వెయ్యాలె.

రిమ్ము లోపలి అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పుర్రి. వంకర గానీ, వెల్డింగు గీత గానీ ఉంటే చేతికి తగుల్తది. వాల్వు మీద, నట్టు కూసునే గుంతల రంగు పడితే కొత్తగ పెయింటు కొట్టిండ్రు. గుంతల మందంగ పెయింటు ఉంటే అది అణిగినాక నట్టు వదులైతది.

నట్లు చూడుర్రి, సన్నగున్నయి, మామూలు పానా పట్టదు. దీనికి వేరే తాళం పానా ఉంటది. డిక్కీల వెతికినం, లేదు. చక్రం విప్పేటందుకు యార్డు వాళ్లనే పిలవాల్సొచ్చింది. రాత్రి నకిరేకల్ అవతల పంక్చరైతే ఎవల్ని పిలుస్తరు?

టైరు తేదీ. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుసల చివరి నాలుగంకెలు. వీటి మీద 3421, అంటే 2021ల 34వ వారం. స్టెప్నీ 165/80 ఆర్14, దాని మీద 0519. బండి పుట్టకముందు కొన్ని వారాలది, అంటే స్టెప్నీ ఒరిజినల్. ఇంత పాతది కాబట్టి పగుళ్లు చూసుకోవాలె. ఒకటి యాదుంచుకోండి, స్టెప్నీ 14 ఉన్నంత మాత్రాన బండి కింది మోడల్ అనుకోవద్దు, 15 అల్లాయ్ బండ్లకు కూడా చిన్న ఇనుప స్టెప్నీ ఇస్తరు. 165/80 ఆర్14, 185/65 ఆర్15 ఎత్తు ఇంచుమించు ఒకటే, 620 మిల్లీమీటర్ల కాడికి.

మిగతాది జల్దీ చెప్తా. టాప్ మోడల్ అని నమ్మాలంటే వెనక అద్దంల వేడి గీతలు, వెనక వైపరు, బటన్ స్టార్టు, ఆటోమేటిక్ ఏసీ చూడుర్రి. అవి తక్కువ పైసలతోని మార్చేటివి కావు. దీంట్ల వాటిల ఒక్కటి కూడా లేదు. అద్దాల మీది కంపెనీ గుర్తు అన్నిటికీ ఒకటే ఉన్నది, అది మంచిగుంది. తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరింది, అదీ మంచిదే. అసలు వెలగకపోతేనే భయం. వెనక పార్కింగ్ సెన్సర్లు బయట పెట్టించినయి: బంపర్ తూట్లు గరుగ్గ ఉన్నయి, రివర్స్ లైటు వైరుని గీకి నల్ల టేపు చుట్టిండ్రు. మన నల్లగొండ ఎండకు ఆ టేపు బంక కారి ఊడొస్తది. కంపెనీ వైరింగ్ గొట్టంలనే పోతది, సాకెట్‌తోనే కలుస్తది.

బండి చెడ్డది కాదు, ఇంజన్ మంచిగున్నది. కానీ నా చిరాకు మొత్తం ధర మీద. వీఎక్స్ఐ ధర ఇస్తే తీసుకోవచ్చు, దానితోపాటు తీసేసిన నాలుగు ఇనుప డిస్కులు, క్యాపులు, వాటి నట్లు అడగాలె. అవి లేవంటే ఆ మేర తగ్గించాలె. అల్లాయ్‌లే ఉంచుకుంటమంటే నాలుగు హబ్ రింగులు, ఆ తాళం పానా చేతుల పెట్టినంకనే అడ్వాన్స్ ఇయ్యుర్రి.